జీతం లేని కొలువు: అమెరికా పేదల క్రెడిట్ యూనియన్లలో స్వచ్ఛంద సేవ

అమెరికాలో క్రెడిట్ యూనియన్ అంటే సభ్యులే యజమానులుగా ఉండే పొదుపు, పరపతి సంఘం. డబ్బు దాచుకునేది వాళ్లే, అప్పు తీసుకునేది వాళ్లే, పాలకవర్గాన్ని ఎన్నుకునేదీ వాళ్లే. ఖాతాలో అయిదు డాలర్లున్న మనిషికీ యాభై వేల డాలర్లున్న మనిషికీ ఒక్కటే ఓటు. తన బదులు ఇంకొకరిని పంపి ఓటు వేయించడం కుదరదు. ఏడాది చివర మిగులు తేలితే బయటి వాటాదారులకు పోదు; పొదుపుపై కాస్త ఎక్కువ రాబడిగానో, అప్పుపై కాస్త తక్కువ వడ్డీగానో సభ్యులకే తిరిగొస్తుంది. పైకి చూస్తే మామూలు బ్యాంకే అనిపిస్తుంది. కౌంటరు ఉంటుంది, కార్డు ఇస్తారు, రెండున్నర లక్షల డాలర్ల వరకు డిపాజిట్‌కు ప్రభుత్వ పూచీ ఉన్న బీమా కూడా ఉంటుంది. కౌంటరులో కూర్చున్న ఉద్యోగికి జీతం వస్తుంది. ఆ ఉద్యోగి పైన ఉండి సంస్థను నడిపించే పెద్దలకు మాత్రం సాధారణంగా ఏమీ రాదు.

ఇది చట్టం పెట్టిన కట్టడి. 1934 జూన్ 26న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఫెడరల్ క్రెడిట్ యూనియన్ చట్టం ప్రకారం డైరెక్టర్లు, కమిటీ సభ్యులు ఆ హోదాలో చేసే పనికి ప్రతిఫలం పుచ్చుకోకూడదు. బోర్డు పదాధికారుల్లో ఒక్కరికి మాత్రం జీతం ఇవ్వవచ్చు. సంఘం పని మీద తిరిగినప్పుడు అయిన ఖర్చులు తీసుకోవచ్చు, ఆరోగ్య, ప్రమాద బీమా పెట్టించుకోవచ్చు, అంతే. రాష్ట్రాల చట్టాల కింద నమోదైన సంఘాల్లో కొన్నిచోట్ల డైరెక్టర్లకు కొంత ఇచ్చే వీలుంది కానీ, మొత్తం ఉద్యమం స్వభావం మాత్రం జీతం లేని పెద్దరికమే.

ఈ సంఘాల్లో ఒక తరగతిని చట్టం విడిగా గుర్తిస్తుంది. సభ్యుల్లో సగం కంటే ఎక్కువ మంది కుటుంబ ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతానికి మించకపోతే ఆ సంఘానికి ‘తక్కువ ఆదాయ’ హోదా వస్తుంది. ఈ హోదా వస్తే సభ్యులు కాని వారి నుంచి, అంటే ధర్మసంస్థలు, పెద్ద బ్యాంకుల వంటి వాటి నుంచి డిపాజిట్లు తీసుకోవచ్చు. చిన్న వ్యాపారులకిచ్చే అప్పులపై ఉన్న పరిమితి వర్తించదు. 1979లో అమెరికన్ కాంగ్రెస్ ఏర్పాటు చేసిన ఒక ఫెడరల్ నిధి నుంచి గ్రాంట్లు, చవక రుణాలు అడగవచ్చు. దేశంలోని ఫెడరల్ బీమా ఉన్న క్రెడిట్ యూనియన్లలో ఇప్పుడు సగానికి పైగా ఈ హోదా ఉన్నవే. వీటిలో వందల కోట్ల డాలర్ల ఆస్తులున్నవీ ఉన్నాయి, చర్చి వెనక గదిలో వారానికి రెండు రోజులు మాత్రమే తలుపు తీసేవీ ఉన్నాయి. స్వచ్ఛంద సేవకులు లేకపోతే బతకలేనివి ఆ రెండో రకానివి.

ఎందుకు బతకలేవో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఆసుపత్రిలో గదులు ఊడ్చే ఒక సభ్యురాలికి కారు బాగుచేయించడానికి 500 డాలర్లు కావాలి. కారు లేకపోతే పనికి వెళ్లలేదు. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు సాధారణంగా ఏడాదికి 18 శాతానికి మించి వడ్డీ వేయకూడదు. మన లెక్కలో నూటికి రూపాయిన్నర. ఆరు నెలల వాయిదాల్లో ఆమె ఆ అప్పు తీర్చేస్తే నెలకు 88 డాలర్ల చొప్పున కడుతుంది, సంఘానికి వడ్డీగా వచ్చేది మొత్తం 27 డాలర్ల లోపు. దరఖాస్తు తీసుకుని, జీతం చీటీలు చూసి, పాత బాకీలు కనుక్కుని, కాగితాలు రాయించి, ఒక వాయిదా తప్పితే ఫోన్ చేసి మాట్లాడటానికి జీతగాడి సమయం రెండు గంటలు పట్టినా ఆ 27 డాలర్లు అక్కడికక్కడే సరి. అయిదు వేల అప్పుకూ అదే పని, అయిదు వందల అప్పుకూ అదే పని. పేదవాడికి చిన్న అప్పు పుట్టకపోవడానికి అతని నిజాయితీ మీద అనుమానం కంటే ఈ లెక్కే పెద్ద కారణం. కిరాయి లేని మనిషి సమయం ఆ రెండు గంటల్లో కొంతైనా పూడిస్తేనే ఇలాంటి అప్పు గిట్టుబాటవుతుంది.

అప్పు ఇక్కడ దొరకనివారు వెళ్లేది జీతం రోజు దాకా చేబదులిచ్చే ‘పేడే’ దుకాణానికి. చాలా రాష్ట్రాల్లో అక్కడి మామూలు ధర నూరు డాలర్లకు రెండు వారాలకు పదిహేను. ఏడాదికి లెక్కగడితే 390 శాతం. నూటికి నెలకు ముప్పై రూపాయల పైమాటే. ఈ దుకాణాలకు పోటీగా 2010లో క్రెడిట్ యూనియన్ల నియంత్రణ సంస్థ ఒక ప్రత్యేక చిన్న అప్పును అనుమతించింది. 200 నుంచి 1,000 డాలర్లు, ఒకటి నుంచి ఆరు నెలల గడువు, వడ్డీ 28 శాతానికి మించకూడదు, దరఖాస్తు రుసుము 20 డాలర్లు దాటకూడదు. 2019లో మరో రకం తెచ్చి, మొత్తాన్ని 2,000 డాలర్లకు, గడువును ఏడాదికి పెంచారు. 28 శాతం తక్కువ వడ్డీ కాదు. కానీ 390 పక్కన పెట్టి చూడాల్సిన 28 అది.

రైన్ తీరం నుంచి మద్రాసు మీదుగా

జీతం లేకుండా పరపతి సంఘాన్ని నడపడం అమెరికన్లు కనిపెట్టింది కాదు. జర్మనీలో రైన్ నది పరిసర గ్రామాల్లో మేయరుగా పనిచేసిన ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజన్ 1846–47 చలికాలపు కరువులో పేదలకు రొట్టె పంచే సంఘంతో మొదలుపెట్టి, 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో రుణ సంఘం స్థాపించాడు. ధర్మంగా ఇచ్చేది కరువు తీరగానే ఆగిపోతుందని, రైతులే ఒకరికొకరు పూచీపడి అప్పు తెచ్చుకుంటే నిలుస్తుందని అతను అనుభవం మీద తెలుసుకున్నాడు. అతని సంఘాల్లో పెద్దలెవరికీ జీతం లేదు. పద్దులు రాసే గుమాస్తాకు మాత్రం కొంత ముట్టేది. ‘ఒక్కరికి తప్ప’ అనే ఆ నియమమే డెబ్బై ఏళ్ల తర్వాత అమెరికా చట్టంలోనూ కనిపిస్తుంది.

మధ్యలో ఈ ఆలోచన మన వైపు కూడా వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. రైతులు వడ్డీ వ్యాపారుల చేతుల్లో చితికిపోతున్నారని ప్రెసిడెన్సీ ప్రభుత్వం 1892లో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని యూరప్ పరపతి సంఘాలను పరిశీలించి రమ్మంది. 1895లోనూ 1897లోనూ రెండు సంపుటాలుగా వచ్చిన అతని నివేదిక రైఫైజన్ పద్ధతినే సిఫారసు చేసింది. దేశంలో తొలి సహకార పరపతి సంఘాల చట్టం 1904లో వచ్చింది. మూడేళ్ల తర్వాత బోస్టన్ నగరంలో బట్టల దుకాణం నడిపే కోటీశ్వరుడు ఎడ్వర్డ్ ఫిలీన్ ప్రపంచ యాత్రలో భాగంగా ఇండియాకు వచ్చి, బెంగాల్ పల్లెల్లో ఈ సంఘాలు పనిచేయడం చూశాడు. తిరిగి వెళ్లాక మసాచుసెట్స్‌లో 1909 నాటి క్రెడిట్ యూనియన్ చట్టం వెనక నిలబడ్డాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఉద్యమానికి సొంత డబ్బు ధారపోశాడు. అమెరికా క్రెడిట్ యూనియన్ల పుట్టుకలో భారతీయ పల్లెల పాత్ర ఉందన్న సంగతి మన దగ్గర పెద్దగా చెప్పుకోం. మన దగ్గర మాత్రం సహకార సంఘాల్లోకి ప్రభుత్వ వాటా ధనం, దాని వెంట ప్రభుత్వ అధికారుల పెత్తనం వచ్చి చేరాయి. ప్రభుత్వ సొమ్ము ముట్టకుండా సభ్యులే నడుపుకునే సంఘాలకు దారి తెరవడానికి ఆంధ్రప్రదేశ్ 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేయాల్సి వచ్చింది. వరంగల్, కరీంనగర్ జిల్లాల మహిళా పొదుపు సహకార సంఘాలు నమోదైంది ఆ చట్టం కిందే.

ఉత్తర అమెరికాలో తొలి సంఘం కెనడాలో, క్యుబెక్ రాష్ట్రపు లెవీ పట్టణంలో పుట్టింది. 1900 డిసెంబరులో ఆల్ఫోన్స్ దెజార్దెన్ దాన్ని స్థాపించాడు. తర్వాతి నెలలో తొలిరోజు వసూళ్లు మొత్తం 26 డాలర్ల 40 సెంట్లు. అతను ఒట్టావాలో పార్లమెంటు ప్రసంగాలు షార్ట్‌హ్యాండ్‌లో రాసే ఉద్యోగి కాబట్టి సభ నడిచిన నెలలన్నీ ఇంటికి దూరం. సంఘం ఆఫీసు అతని ఇల్లే. అతను లేనప్పుడు పద్దులు రాసింది, డబ్బు కట్టించుకున్నది, వచ్చినవారికి సమాధానం చెప్పింది అతని భార్య దోరిమెన్. పిల్లల్ని పెంచుతూ చేసిన ఈ పనికి గుర్తింపు ఆలస్యంగానే దక్కింది. ఇప్పుడు ఆమెను సహ వ్యవస్థాపకురాలిగా లెక్కిస్తారు.

అమెరికాలో తొలి సంఘానికీ దెజార్దెన్ సాయమే కావాల్సి వచ్చింది. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం మాంచెస్టర్‌లో బట్టల మిల్లుల్లో పనిచేసే ఫ్రెంచ్ కెనడియన్ వలస కార్మికుల కోసం 1908 నవంబరులో సెయింట్ మేరీ చర్చి మతగురువు పియర్ ఎవీ దాన్ని ప్రారంభించాడు. మిల్లు పని ముగిశాక కార్మికులు సాయంత్రాలు జోసెఫ్ బోయివిన్ అనే న్యాయవాది ఇంటికి వెళ్లి పొదుపు కట్టేవారు. ఆ ఇల్లు ఇప్పుడు క్రెడిట్ యూనియన్ల మ్యూజియం.

నెలకొకసారి మీటింగు

స్వచ్ఛంద సేవకులు చేసే పనుల్లో మొదటిది బోర్డు. ఫెడరల్ సంఘాల్లో కనీసం అయిదుగురు, ఎప్పుడూ బేసి సంఖ్యలో డైరెక్టర్లు ఉండాలి. వాళ్లు సాధారణంగా నెలకొకసారి సాయంత్రం కూర్చుంటారు. బస్సు డ్రైవరు, రిటైరైన టీచరు, చర్చి పాస్టరు, కిరాణా కొట్టు యజమాని ఒకే బల్ల చుట్టూ చేరడం ఈ సంఘాల్లో వింత కాదు. ముందున్న కాగితాల్లో అందరి చూపూ పడేది మొండి బాకీల పట్టీ మీద. రెండు నెలలు దాటిన బాకీలు మొత్తం అప్పుల్లో ఎంత శాతం, పోయిన నెల కంటే పెరిగాయా తగ్గాయా, వసూలు కావని తేల్చి కొట్టేయాల్సినవి ఎన్ని అనేది చూస్తారు. తర్వాత పొదుపుపై ఎంత ఇవ్వాలి, కార్ల అప్పుపై వడ్డీ మార్చాలా, పాడైన కంప్యూటర్ వ్యవస్థకు డబ్బెక్కడిది అన్న విషయాలు.

ఇది తెలియనివారు చేయగలిగిన పని కాదని నియంత్రణ సంస్థకు కూడా తెలుసు. 2011 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం కొత్త డైరెక్టరు ఆరు నెలల లోపు ఆస్తి అప్పుల పట్టీ, ఆదాయ వ్యయాల పట్టీ చదివి అర్థం చేసుకునే స్థాయికి రావాలి, ఎక్కడైనా అనుమానం వస్తే మేనేజరునీ ఆడిటరునీ అడగగలగాలి. సంఘం చేర్చుకునే ముందు నేర చరిత్ర కూడా చూస్తారు. మోసం, దొంగతనం వంటి కేసుల్లో శిక్ష పడినవారికి సాధారణంగా చోటు ఉండదు. డబ్బు ముట్టుకునే ప్రతి ఒక్కరి మీదా సంఘం పూచీ బాండు తీసుకోవాలి, జీతం ఉన్నా లేకపోయినా.

బోర్డు పక్కనే పర్యవేక్షక కమిటీ ఉంటుంది. ముగ్గురు నుంచి అయిదుగురు. పేరుకు చిన్నదైనా దీని చేతిలో ఉన్న అధికారం తక్కువేమీ కాదు. ఏటా ఆడిట్ జరిగేలా చూడటం దీని బాధ్యత. ఏ పదాధికారినైనా డైరెక్టరునైనా ఏకగ్రీవంగా సస్పెండ్ చేయగలదు. చేసిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల లోపు సభ్యుల ముందు పెట్టి తేల్చుకోవాలి. రెండేళ్లకొకసారైనా సభ్యుల ఖాతాలను సరిచూడాలన్నది మరో నియమం. చిన్న సంఘాల్లో ఇది చూడటానికి సాదాసీదాగా జరుగుతుంది. ‘మా పుస్తకాల్లో మీ పొదుపు ఇంత, మీ అప్పు ఇంత అని ఉంది, తేడా ఉంటే రాయండి’ అని సభ్యులకు ఉత్తరాలు వెళతాయి. జవాబులు సంఘం ఆఫీసుకు రాకుండా కమిటీ విడిగా పెట్టుకున్న చిరునామాకు రావాలి. ఎవరి పద్దు తనిఖీలో ఉందో ఆ మేనేజరు చేతుల మీదుగా ఉత్తరాలు పోయినా వచ్చినా ఆ తనిఖీకి అర్థం లేదు. ‘నేను అప్పే తీసుకోలేదు’ అని ఒక్క ముసలమ్మ రాసిన ఒక్క జవాబుతో ఏళ్ల నాటి దొంగ పద్దు బయటపడే అవకాశం ఉంది.

ఈ తనిఖీ మొక్కుబడిగా మారితే ఏమవుతుందో 2019లో కాలిఫోర్నియాలో కనిపించింది. అది పేదల సంఘం కాదు, ఒక పెద్ద మీడియా కంపెనీ ఉద్యోగుల చిన్న క్రెడిట్ యూనియన్. దాని మేనేజరు దాదాపు 20 ఏళ్ల పాటు నాలుగు కోట్ల డాలర్ల వరకు కాజేశాడు. ఒకే మనిషి చెక్కులు రాయడం, పద్దులు రాయడం, పెద్దలకు నివేదిక ఇవ్వడం చేస్తూ పోతే అడిగేవాడు ఉండడు. సంఘం మూతపడింది. డిపాజిట్లకు బీమా ఉంది కాబట్టి సభ్యుల పొదుపు మునిగిపోలేదు. జీతం తీసుకోని పెద్దలు మంచివారై ఉండటం సరిపోదు, మొహమాటం లేకుండా కాగితం అడిగి చూడాలి.

మొహమాటం అసలు పరీక్షకు వచ్చేది రుణ కమిటీలో. ఈ కమిటీ ఇప్పుడు తప్పనిసరి కాదు. చాలా సంఘాలు దాన్ని ఎత్తేసి జీతమిచ్చే రుణాధికారికి అప్పగించాయి. ఉన్నచోట మాత్రం పొరుగువాడి అప్పు పొరుగువాడే తేల్చాలి. దరఖాస్తుదారుడి క్రెడిట్ స్కోరు బాగుండదు, కానీ ఆ స్కోరు ఎందుకు పడిపోయిందో కమిటీలో ఒకరికి తెలుసు: భార్య ఆసుపత్రి బిల్లు. అతను పద్నాలుగేళ్లుగా ఒకే చోట పని చేస్తున్నాడని, అద్దె ఎప్పుడూ ఆపలేదని ఇంకొకరికి తెలుసు. కంప్యూటరుకు అందని ఈ సమాచారం వల్లే ఈ సంఘాలు పెద్ద బ్యాంకులు తిప్పి పంపినవారికి అప్పివ్వగలిగాయి. అయితే తెలియడం వల్ల వచ్చే చిక్కూ అంతే ఉంది. ఎదురింటి వారి జీతం, బాకీ, విడాకుల ఖర్చు తెలిసిన మనిషి ఆదివారం చర్చిలో నోరు జారితే సంఘం మీద నమ్మకం ఒక్క వారంలో పోతుంది. అందుకే వాలంటీర్ల చేత గోప్యత ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టిస్తారు. సొంత మనుషుల దరఖాస్తు వస్తే కమిటీ సభ్యుడు లేచి బయటకు వెళ్లాలి. పెద్దలు తీసుకునే అప్పుకు మిగతా సభ్యుల కంటే మెరుగైన షరతులు పెట్టకూడదు. తన పొదుపు హామీగా ఉన్న మేరకు పోగా 20,000 డాలర్లు దాటితే బోర్డు మంజూరు చేయాలి.

పన్నుల కాలం

ఎన్నిక కాని వాలంటీర్లు ఎక్కువగా కనిపించేది జనవరి చివరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు, అంటే ఆదాయపు పన్ను రిటర్నులు వేసే కాలంలో. తక్కువ జీతాలవారికి పన్ను తిరిగిచ్చే పద్ధతి 1975లో మొదలైంది. పని చేస్తూ పిల్లల్ని పెంచేవారికి ఇది ఎక్కువగా అందుతుంది. 2024 ఆదాయానికి, ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ పిల్లలున్న కుటుంబానికి గరిష్ఠంగా 7,830 డాలర్లు. చాలా ఇళ్లలో ఏడాది మొత్తానికి ఒకేసారి చేతికొచ్చే పెద్ద మొత్తం అదే. ఆ రిటర్ను నింపిపెట్టినందుకు వీధి దుకాణాలు వందల డాలర్లు పుచ్చుకుంటాయి. డబ్బు ముందే ఇస్తామని దాని మీద అప్పు అంటగట్టేవీ ఉన్నాయి. 1969 నుంచి పన్నుల శాఖ సహకారంతో ఉచితంగా రిటర్నులు నింపే కేంద్రాలు నడుస్తున్నాయి. తక్కువ ఆదాయ సభ్యులున్న క్రెడిట్ యూనియన్లలో కొన్ని వీటికి చోటిస్తాయి. న్యూయార్క్ రాష్ట్రం ఇథాకాలో 1979లో పుట్టిన ఆల్టర్నేటివ్స్ ఫెడరల్ క్రెడిట్ యూనియన్ ఇందులో పేరున్నది.

ఇక్కడ కూర్చునే వాలంటీరు ముందు పన్నుల శాఖ పరీక్ష పాసవ్వాలి. నడవడి నియమాల పరీక్ష వేరే. సభ్యుల దగ్గర ఒక్క సెంటు కూడా పుచ్చుకోకూడదు. బల్ల దగ్గరికి వచ్చినవారి ఫొటో గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డులు చూసి, ప్రశ్నల పత్రం ఒక్కొక్క గడీ నింపుతారు. పని అంతా ఆ ప్రశ్నల్లోనే ఉంటుంది. ఒక అమ్మమ్మ తన మనవడితో వస్తుంది. తన జీతం కాగితం ఒక్కటే తెచ్చింది. మనవడు ఏడాదిలో సగం కంటే ఎక్కువ రోజులు ఎవరింట్లో ఉన్నాడని అడిగితే తనింట్లోనే అంటుంది. తల్లి కూడా ఆ ఇంట్లోనే ఉందా, తల్లి తన రిటర్నులో పిల్లాణ్ణి చూపిస్తోందా అని అడగాలి. జవాబును బట్టి రావాల్సిన సొమ్ము వేల డాలర్లు మారిపోతుంది. తప్పు చూపిస్తే తర్వాత నోటీసు వచ్చేది వాలంటీరుకు కాదు, ఆమెకే. నింపడం పూర్తయ్యాక ఇంకొక వాలంటీరు మొదటి నుంచి సరిచూస్తాడు. అది కాకుండా పంపడానికి వీల్లేదు.

చివరి ప్రశ్న పన్నుకు సంబంధించింది కాదు. వచ్చే సొమ్ములో కొంత విడిగా పొదుపు ఖాతాలో వేయమంటారా అని అడుగుతారు. ఒకే రిఫండును మూడు ఖాతాల దాకా విడదీయడానికి పన్నుల శాఖ ఫారమే ఉంది. బ్యాంకు ఖాతా లేనివారైతే అక్కడే సభ్యత్వం తీసుకోవచ్చు. ఎంతోమంది పేద సభ్యులు క్రెడిట్ యూనియన్ గడప తొక్కింది ఈ ఉచిత సేవ వల్లే.

మిగతా పనులు ఇంత విస్తారమైనవి కావు. క్రెడిట్ రిపోర్టు తెప్పించి తప్పులు వెతికిపెట్టేవారు, కొత్తగా వచ్చిన వలసదారులకు వాళ్ల భాషలో కాగితాలు వివరించేవారు, హైస్కూల్లో పిల్లలే నడిపే చిన్న బ్రాంచీకి పెద్ద దిక్కుగా ఉండేవారు ఉంటారు. అప్పు చరిత్రే లేనివారికి ఒక తమాషా అప్పు ఇస్తారు: 500 డాలర్లు మంజూరు చేసి సభ్యుడి చేతికివ్వకుండా పొదుపు ఖాతాలోనే బిగించి ఉంచుతారు, అతను వాయిదాలు కట్టేశాక ఆ సొమ్ము అతనిదవుతుంది, దాంతో పాటు మంచి స్కోరూ వస్తుంది. దీన్ని సభ్యుడికి నమ్మకం కలిగేలా చెప్పడానికి ఓపికున్న మనిషి కావాలి. ‘చేతికి రాని అప్పుకు వడ్డీ ఎందుకు కట్టాలి?’ అని మొదట అందరూ అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే.

నిలిచినవి, కూలినవి

1960లలో జాన్సన్ ప్రభుత్వం పేదరికంపై యుద్ధం ప్రకటించినప్పుడు ఫెడరల్ నిధులతో పేదవాడల్లో వందలాది క్రెడిట్ యూనియన్లు పెట్టించింది. జీతాలు, అద్దె ప్రభుత్వమే ఇచ్చింది. నిధులు ఆగిన తర్వాత ఎక్కువ భాగం మూతపడ్డాయి. అప్పుల అవసరం తగ్గి కాదు. సొంత పొదుపు గానీ, పద్దులు చూడగల స్థానికులు గానీ తయారు కాకముందే జీతమిచ్చేవారు వెళ్లిపోయారు. మిగిలినవి ఒకదానికొకటి తోడుగా 1974లో ఒక జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. దాని ఇప్పటి పేరు ఇంక్లూజివ్.

తర్వాతి తరం సంఘాలు వేరే దారిలో వచ్చాయి. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో పెద్ద బ్యాంకు ఉన్న ఆఖరి బ్రాంచిని మూసేస్తే, అక్కడివారు పోరాడి 1986లో సొంత పీపుల్స్ ఫెడరల్ క్రెడిట్ యూనియన్ తెరుచుకున్నారు. నార్త్ కరోలినా డర్హమ్‌లో సెల్ఫ్ హెల్ప్ సంస్థ 1980లలో తన క్రెడిట్ యూనియన్‌కు వేసిన తొలి పెట్టుబడి, ఇళ్లలో కాల్చిన కేకులు అమ్మగా వచ్చిన 77 డాలర్లు. అదే ఊళ్లో లాటినో కమ్యూనిటీ క్రెడిట్ యూనియన్ 2000లో పుట్టింది. బ్యాంకు ఖాతాలు లేని వలస కూలీలు జీతం డబ్బు జేబులోనే పెట్టుకు తిరుగుతారని తెలిసి దొంగలు వరసగా దోచుకోవడం దానికి కారణం. ఈ సంఘాలు పెరిగాక రోజువారీ పని ఉద్యోగుల చేతుల్లోకి వెళ్లింది. పెరగడం అంటే అదే కాబట్టి దీన్ని పతనంగా చూడనక్కర్లేదు. ఉచిత శ్రమ మీద పదేళ్లు గడిపిన సంఘంలో అలసిపోయేది ఎప్పుడూ ఆ నలుగురే.

ఆ నలుగురు దొరకడం ఇప్పుడు కష్టమవుతోంది. 1969లో అమెరికాలో దాదాపు 24 వేల క్రెడిట్ యూనియన్లు ఉండేవి. ఇప్పుడు అయిదు వేల లోపే, సభ్యులు మాత్రం 14 కోట్లు దాటారు. చిన్నవి పెద్దవాటిలో కలిసిపోతున్నాయి. సైబర్ భద్రత, మనీ లాండరింగ్ నిబంధనలు, మొబైల్ యాప్‌ల ఖర్చు ఒక కారణం. వయసు మీరిన ట్రెజరరు తప్పుకుంటే ఆ కుర్చీలో కూర్చునేవారు దొరక్కపోవడం మరొకటి. రెండు మూడు ఉద్యోగాలు చేస్తే గానీ అద్దె కట్టలేని సభ్యురాలిని నెలకో సాయంత్రం ఊరికే వచ్చి ఆస్తి అప్పుల పట్టీ చదవమనడం ఎంతవరకు న్యాయం అన్న ప్రశ్న ఉద్యమంలో చాలాకాలంగా ఉంది. డైరెక్టర్లకు కొద్దిపాటి భత్యం ఇస్తే పేదలే పాలకవర్గంలోకి రాగలుగుతారని ఒక వాదం. జీతం పెడితే ఆ కుర్చీ కోసమే వచ్చేవారు పెరుగుతారని ఎదుటి వాదం. రెండింటిలోనూ నిజముంది. తీరిక ఉన్నవారే బోర్డు నింపితే తక్కువ ఆదాయ సభ్యుల సంఘాన్ని మధ్యతరగతి పెద్దలు నడిపే పరిస్థితి వస్తుంది. అప్పటికి ఓటు ఒక్కటే అయినా ‘ఈ 500 డాలర్ల అప్పు ఎందుకు కావాలో నాకు తెలుసు’ అనే గొంతు మీటింగులో ఉండదు. కొన్ని సంఘాలు సమావేశాల వేళ పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేస్తున్నాయి, బస్సు చార్జీలు ఇస్తున్నాయి, డైరెక్టరు కాకముందు ఓటు లేని సహాయ డైరెక్టరుగా ఏడాది కూర్చోబెట్టి పని నేర్పుతున్నాయి. ఇవన్నీ ప్రస్తుత చట్టం అనుమతించేవే.

చేరాలనుకునేవారికి దారి సూటిగానే ఉంటుంది. బోర్డుకైతే ముందు సభ్యత్వం ఉండాలి, నామినేషన్ల కమిటీకి పేరివ్వాలి, వార్షిక సర్వసభ్య సమావేశంలో గెలవాలి. పర్యవేక్షక కమిటీని బోర్డే నియమిస్తుంది కాబట్టి లెక్కలు తెలిసినవారు మొదట అక్కడ కుదురుకుంటారు. పన్నుల బల్లకు సభ్యత్వం అక్కర్లేదు. చలికాలంలో శిక్షణ మొదలవుతుంది, పరీక్ష పాసైతే జనవరి నెలాఖరుకు కుర్చీ సిద్ధం.